తాతగారి .315 రైఫిల్‌కు వెల కట్టడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. జమ్మలమడుగు దగ్గర పల్లెలో మీ తాతగారు మూడు నెలల కింద కాలం చేశారు. ఆయన పేరు మీద లైసెన్సున్న పాత వేట రైఫిల్ ఒకటి, ఆరు తూటాలు ఇంట్లో బీరువాలో ఉన్నాయి. బ్యారెల్ (గొట్టం) మీద బి.ఎస్.ఎ. అని ఇంగ్లండ్ కంపెనీ పేరూ, .315 అనీ ఉంది. తెలిసినాయన ఒకరు చూసి ముప్పై వేలిస్తానన్నారు. ఇంటర్నెట్‌లో చూస్తే ఇంగ్లండ్ వేలంలో అదే బాపతుది లక్ష దాటి కనిపించింది. ఇందులో ఏది సరైన రేటు, ఎంతకు అమ్మాలి అన్నది మీ సందేహం.

తమ్ముడూ, రేటు సంగతికి ముందు ఆ రైఫిల్ బీరువాలోంచి బయటికి రావాలి. లైసెన్సు మనిషికిస్తారు. ఆ మనిషి పోయాక ఇంట్లో వాళ్లకు దాన్ని ఉంచుకునే హక్కు దానంతట అది రాదు. ఆయుధాల చట్టం, 1959లో 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, డిపాజిట్ ఉంచుకునే అనుమతి ఉన్న డీలర్ దగ్గరో అప్పగించాలి. మూడు నెలలంటే ఇప్పటికే ఆలస్యం. అలాగని మీరే దాన్ని గోనెసంచిలో చుట్టుకొని బస్సెక్కొద్దు. లైసెన్సు పుస్తకం, మరణ ధృవీకరణ పత్రం తీసుకొని స్టేషన్‌కు వెళ్లి విషయం రాసివ్వండి. ఎలా తేవాలో, ఎవరు తేవాలో వాళ్లు చెప్తారు. రశీదులో రైఫిల్ నంబరు, బోరు (గొట్టం లోపలి కొలత, మీదైతే .315), తూటాల లెక్క ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదువుకోండి.

రేటు అడిగితే చట్టం చెప్తున్నాడేమిటి అనుకోకండి. ముప్పై వేలన్న ఆయనకు మీ ఇంట్లో ఉన్న టెన్షన్ తెలుసు. దాన్ని ఎలాగైనా వదిలించుకుంటే చాలు అనుకునే వాళ్లను చూసే ఆ మాట వస్తుంది. డిపాజిట్ అయిన రోజున ఆ తొందర పోతుంది. డిపాజిట్‌లో ఉండగానే చట్టబద్ధంగా కొనే అర్హత ఉన్నవాళ్లకు అమ్మే హక్కు వారసులకు అదే సెక్షన్ ఇస్తుంది. దానికి గడువు ఉంటుంది. గడువు దాటితే నోటీసిచ్చి ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు. అందుకని డిపాజిట్ చేసేశాం కదా అని మర్చిపోకూడదు.

వీలుంటే స్టేషన్ కంటే డీలర్ దగ్గరే పెట్టమంటాను. నెలనెలా కొంత అద్దె పడుతుంది, పడనీయండి. నేను సైన్యంలో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా పదిహేడేళ్లు, ఆ తర్వాత కర్నూలులో లైసెన్సున్న షాపులో రిపేరు బల్ల దగ్గర ఇరవై రెండేళ్లు పనిచేశాను. మన రాయలసీమలో ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లలో జమ చేయిస్తారు, మీకు తెలిసిందే. ఒకసారి ఎన్నికలయ్యాక ఒక పెద్దాయన తన రైఫిల్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. జమ చేసేటప్పుడు అద్దంలా ఉండిందది. గోడకు ఆనించి, పైన తడి గోనెపట్ట కప్పినట్టున్నారు. బ్యారెల్ ఒక పక్క మొత్తం గోనె అల్లిక అచ్చు పడినట్టు ఎర్రటి గళ్లు. రుద్దితే తుప్పు పోయింది కానీ గళ్ల గుర్తులు పోలేదు. మూడు నెలల్లో దాని విలువ సగానికి పడిపోయింది. మీది అలా కాకూడదు.

ఇక వెల సంగతి. చూడాల్సినవి కాగితం, తూటా, బ్యారెల్ లోపలి భాగం, చివరికి కంపెనీ పేరు. అందరూ పేరు దగ్గర మొదలుపెడతారు, అక్కడే తప్పుదారి పడతారు.

కాగితం అంటే లైసెన్సు పుస్తకంలో ఉన్న నంబరు, రైఫిల్ మీద కొట్టిన నంబరు ఒకటేనా అని. పాత లైసెన్సులన్నీ చేతిరాతవి. అనంతపురం వైపు నుంచి ఒక రైతు కుటుంబం తెచ్చిన రైఫిల్ నాకింకా గుర్తుంది. పుస్తకంలో మూడో అంకె 3, ఇనుము మీద 8. ఎప్పుడో ఒక గుమాస్తా తప్పు చదివి రాశాడు, నలభై ఏళ్లు రెన్యువల్ చేసిన వాళ్లంతా ఆ తప్పునే ఎత్తి రాసుకుంటూ వచ్చారు. రైఫిల్ చక్కగా ఉంది, కొనేవాడూ సిద్ధంగా ఉన్నాడు. కానీ ఆ ఒక్క అంకె సరిచేయించడానికి కలెక్టరేట్ చుట్టూ ఏడాది తిరిగారు. అంతదాకా దాని విలువ సున్నా. కాబట్టి భూతద్దం పెట్టి చూడండి. బ్యారెల్ మొదట్లో ఉన్న బాడీ మీద నంబరు ఉంటుంది, బోల్టు (తూటాను లోపలికి తోసి వెనక మూసే కడ్డీ) పిడి వెనక కూడా ఉంటుంది. రెండూ కలవాలి. బోల్టు నంబరు వేరే అయితే ఎప్పుడో వేరే రైఫిల్ బోల్టు తెచ్చి వేశారని అర్థం. అలాంటిది పరీక్ష చేయించకుండా కాల్చకూడదు, ధరా తగ్గుతుంది. లైసెన్సుకు యూఐఎన్, అంటే ప్రత్యేక గుర్తింపు నంబరు, వచ్చిందో లేదో కూడా చూసుకోండి. అది లేకపోతే ఫైలు ముందుకు కదలదు.

తూటా సంగతిలో మీ అదృష్టం బాగుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో సైన్యం వాడే .303 తూటా పౌరుల రైఫిళ్లలో పట్టకూడదని నియమం పెట్టారు. అందుకని ఆస్ట్రియా వాళ్ల 8 మిల్లీమీటర్ల మాన్లిషర్ తూటాకు .315 అని పేరు పెట్టి, దానికి సరిపడే వేట రైఫిళ్లు బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఎ. లాంటి కంపెనీలు మన దేశం కోసం తయారు చేశాయి. స్వాతంత్ర్యం వచ్చాక మన ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అదే బోరులో రైఫిళ్లు చేసింది, పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాలు చేసింది. మీ దగ్గరున్న తూటాల అడుగున కె.ఎఫ్. అని ఉంటే అవి అక్కడివే. అంటే మీ రైఫిల్ కొన్నవాడికి తూటా దొరుకుతుంది. దీని విలువ ఎంతో మీకు ఇంకో ఉదాహరణతో చెప్తాను. 1907 ప్రాంతంలో ప్రభుత్వం .450 బోరును కూడా ఇక్కడ నిషేధించింది. దాని బదులు ఇంగ్లండ్ కంపెనీలు .470 లాంటి కొత్త బోర్లు తెచ్చాయి. జమీందార్ల ఇళ్లలో అలాంటి రెండు గొట్టాల రైఫిళ్లు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. చూస్తే కళ్లు చెదిరే పనితనం. కానీ వాటికి ఇక్కడ ఏ షాపులోనూ తూటా దొరకదు. సేకరించేవాడు వస్తే మంచి ధర, రాకపోతే ఏళ్ల తరబడి డిపాజిట్ అద్దె. ఇక .303 అయితే అది నిషిద్ధ బోరు, దాని దారే వేరు, మామూలు లైసెన్సున్నవాడు కొనలేడు.

ఇప్పుడు అసలు విషయం, బ్యారెల్ లోపలి భాగం. ఇది డీలర్ షాపులో ఆయన చేతుల మీదుగా చూడండి. మ్యాగజీను (తూటాలు పెట్టే డబ్బా) తీసి, బోల్టు వెనక్కి లాగి, లోపల తూటా లేదని కంటితోనూ చిటికెన వేలితోనూ చూశాక బోల్టు పూర్తిగా బయటికి తీయమనండి. బోల్టు ఉన్న చోట ఒక తెల్ల కాగితం పెట్టి, మూతి వైపు నుంచి, అంటే గుండు బయటికొచ్చే చివర నుంచి చూడండి. లోపల మరలాగా మెలి తిరుగుతూ గాడులు కనిపిస్తాయి. గాడి అంచులు కత్తి గీసినట్టు పదునుగా ఉండాలి. అంచులు అరిగి గుండ్రంగా అయితే ఎన్నో వందల తూటాలు పోయాయని అర్థం. ఆ తర్వాత రైఫిల్‌ను మెల్లగా తిప్పుతూ చూడండి. వెలుగు ఒకే తీరుగా జారిపోవాలి. మధ్యలో ఎక్కడన్నా నల్లటి మచ్చ వెలుగును మింగేస్తే అక్కడ గుంట పడి ఉంటుంది. పొడి గుడ్డముక్క ఒకటి లోపలికి తోయించండి. మురికి అయితే గుడ్డకు వస్తుంది, గుంట అయితే గుడ్డ అక్కడ పట్టుకున్నట్టు చేతికి తెలుస్తుంది.

ఆ గుంటలు ఎందుకు పడతాయో తెలిస్తే ఇంట్లో వాళ్లను ఒక ప్రశ్న అడగగలుగుతారు. పాత తూటాల వెనకుండే టోపీలో (దెబ్బ తగిలి మందు అంటించేది అదే) పొటాషియం క్లోరేట్ వాడేవారు. పేలిన తర్వాత అది ఉప్పులా మారి బ్యారెల్ లోపల అంటుకుంటుంది. మన వంటింటి ఉప్పు వానాకాలంలో చెమ్మ పట్టినట్టే అదీ గాలిలో తేమను లాగి ఇనుమును తింటుంది. నూనె ఆ ఉప్పును కరిగించదు, నీళ్లే కరిగిస్తాయి. అందుకే తెలిసిన షికారీలు సాయంత్రం ఇంటికి రాగానే బ్యారెల్‌లో మరిగే నీళ్లు పోసి, వేడికి ఆరిపోయాక నూనె పెట్టేవాళ్లు. మీ అవ్వనో మీ నాయననో అడగండి, తాత తుపాకీలో వేడినీళ్లు పోసేవాడా అని. "అవును, పొయ్యి మీద సట్టిలో నీళ్లు కాగబెట్టమనేవాడు" అని చెప్తే బ్యారెల్ బాగుండే అవకాశం ఎక్కువ. ఒక్క నూనెతో సరిపెట్టేవాడంటే మాత్రం మూతి నుంచి కాకుండా బోల్టు వైపు నుంచి, తూటా కూర్చునే చోటు దాటిన వెంటనే ఉండే జానెడు పొడవు ఎక్కువసేపు చూడండి.

మూతి అంచు సంగతి చాలామంది పట్టించుకోరు. మీదానిలాంటి, లీ అనే ఆయన రూపొందించిన బాపతు రైఫిళ్లను బోల్టు తీసి వెనక నుంచి శుభ్రం చేయాలి. సోమరితనానికి ముందు నుంచి ఇనుప కడ్డీ తోసేవాళ్లుంటారు. ఏళ్ల తరబడి అలా చేస్తే మూతి దగ్గర గాడులు ఒక పక్క అరిగిపోతాయి. గుండు బయటికొచ్చే ఆఖరి క్షణంలో ఒక పక్కకు నెట్టినట్టవుతుంది, గురి చెడుతుంది. మూతి మీద గోరు పెట్టి చుట్టూ తిప్పితే అంచు అన్ని వైపులా ఒకేలా తగలాలి. డీలర్ దగ్గర తూటా నుంచి విడదీసిన ఒట్టి గుండు ఉంటే మూతిలో పెట్టి చూపించమనండి. గుండు పైపైనే ఆగిపోతే మంచిది, చాలా లోపలికి దిగిపోతే అరిగిపోయింది. తాతగారు కాల్చిన ఖాళీ ఇత్తడి కేసులేమైనా దాచి ఉంటే అవి కూడా డిపాజిట్‌లో చేర్చి చూపించండి. అడుగు అంచుకు కాస్త పైన చుట్టూరా మెరిసే గీత కనిపిస్తే బోల్టుకూ తూటాకూ మధ్య సందు పెరిగిందని అర్థం. అలాంటి దాన్ని సరిచేయించే దాకా కాల్చకూడదు. ఖర్చు మీ లెక్కలోంచి పోతుంది.

బయటి రూపానికొస్తే, కట్టె సన్నగా చేతికి పట్టు దొరికే చోట, అంటే ట్రిగ్గర్ వెనక, నెర్రె ఉందేమో చూడండి. మన ఎండలకు అక్రూట్ కట్టె ఎండిపోయి అక్కడే చీలుతుంది. మరమేకుల తలలు చిట్లి ఉంటే ఎవరో సరైన స్క్రూడ్రైవర్ లేకుండా విప్పారని తెలుస్తుంది. ఇంకొకటి, ఏటా ఆయుధ పూజకు పసుపు కుంకుమ బొట్లు పెట్టి అలాగే వదిలేసిన రైఫిళ్లు మన దగ్గర చాలా చూశాను. తడి బొట్టు కింద చిన్న రూపాయి బిళ్ల అంత గుండ్రని తుప్పు మచ్చ పడుతుంది. బ్యారెల్ మీద వరసగా మూడు మచ్చలు కనిపిస్తే అవి అవే. విలువ కొంచెం తగ్గుతుంది కానీ వాటిని గీకించి, పాలిష్ పట్టించి, కొత్త నీలి పూత వేయించే ఆలోచన మాత్రం చేయకండి. పాలిష్ చక్రం కింద అక్షరాల అంచులు, ముద్రల అంచులు కరిగిపోతాయి. తెలిసినవాడు మొదట చూసేది ఆ అంచులనే. మా షాపుకు "కొత్తదానిలా చేయించి తెచ్చాం" అని తెచ్చినవాటికి చేయించని వాటికంటే తక్కువ ధరే కట్టాం. చెనిక్కాయల నూనె రాసి ఉంటే అది గట్టిపడి పచ్చటి జిగురులా అంటుకొని ఉంటుంది. దాన్ని కూడా మీరు తీయొద్దు, షాపులో తీస్తారు.

ఇక పేరు. బి.ఎస్.ఎ. అసలుదైతే మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన గుర్తు, లీ-స్పీడ్ పేటెంట్స్ అన్న రాత, బ్యారెల్ మొదట్లో బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (తుపాకులను పరీక్షించి ముద్ర వేసే చోటు) కిరీటం ముద్రలు ఉంటాయి. పేరు ఎవరైనా చెక్కించగలరు, ప్రూఫ్ ముద్రలు సరిగ్గా కొట్టడం కష్టం. మద్రాసు షాపుల పేర్లు, ఓక్స్ కంపెనీ, పి. ఓర్ అండ్ సన్స్ లాంటివి, ఉంటే అవి అమ్మిన షాపువి. అవి ఉంటే దాని పుట్టుక తెలుస్తుంది, సేకరించేవాళ్లకు ముచ్చట. 1980ల నడుమ నుంచి మామూలు పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం ఆగిపోయింది కాబట్టి పాత విదేశీ సరుకుకు ఇక్కడ గిరాకీ ఉంది. కానీ ఆ గిరాకీ ఎక్కువగా పిస్టళ్లు, రివాల్వర్ల మీద. .315 రైఫిల్‌కు పేరు వల్ల వచ్చే అదనం కొంచెమే. ఇంగ్లండ్ వేలం ధర చూసి ఆశపడొద్దు. అక్కడ కొనేవాడు అక్కడి లైసెన్సుతో, అక్కడి సరుకు కొంటాడు. మీ రైఫిల్ జమ్మలమడుగు నుంచి అక్కడికి వెళ్లదు.

నేను లెక్క కట్టే తీరు చెప్తాను. ఈషాపూర్ బాపతు కొత్త .315 రైఫిల్ పన్నుతో కలిపి ఈ రోజు ఎంతో ఇద్దరు ముగ్గురు డీలర్లను ఫోన్లో అడగండి. అది నూరు రూపాయలు అనుకుందాం. లోపల మెరుపు, పదును ఉండి, నంబర్లన్నీ కలిసి, కట్టె గట్టిగా ఉంటే కొనేవాడు చెల్లించే ధర అరవై నుంచి డెబ్బై. లోపల కాస్త గుంటలున్నా గురి నిలబెట్టేదైతే నలభై. మూతి అరిగో, మొదట్లో నల్లబడో ఉంటే ఇరవై, పాతిక. ముద్రలన్నీ సాఫుగా ఉన్న అసలు బి.ఎస్.ఎ. అయితే దాని మీద పదో పదిహేనో కలపండి. ఇది నా చేతి లెక్క, ఇంకొకరు అయిదు అటూ ఇటూ అంటారు. ఈ ధర వాడుకునేవాడు ఇచ్చేది. డీలర్ కొంటే ఇందులో మూడో వంతు దాకా తగ్గించుకుంటాడు, అది మోసం కాదు. సరైన లైసెన్సున్న మనిషి దొరికే దాకా ఆయన డబ్బు అందులో ఇరుక్కొని ఉంటుంది. నేనైతే అమ్మించి పెట్టి కమిషన్ తీసుకోమని అడుగుతాను. మీ ముప్పై వేలు ఈ లెక్కలో ఎక్కడ పడుతుందో మీకే తేలిపోతుంది. బ్యారెల్ బాగుంటే అది తక్కువ, లోపల పోయి ఉంటే అది మంచి ధరే.

గిరాకీ ఎందుకు మందంగా ఉందో కూడా తెలుసుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో దానికి చేసిన సవరణతో వేట ఆగిపోయింది. నల్లమలలో గానీ లంకమలలో గానీ ఈ రైఫిల్‌కు ఇక పని లేదు, ఉండకూడదు కూడా. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల బదులు రెండే అన్నారు. మూడోది ఏడాదిలోగా అప్పగించాల్సి రావడంతో అప్పుడు మా షాపులో పాత రైఫిళ్లు గోడ పొడవునా వచ్చి చేరాయి. కొనేవాడి లైసెన్సులో రైఫిల్‌కు చోటు ఖాళీగా ఉండాలి. అమ్మకానికి ముందు జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి స్టేషన్‌కో సమాచారమిచ్చి 45 రోజులు ఆగాలి. డీలర్ ద్వారా వెళ్తే కాగితాల పని ఆయన చూస్తాడు. వారసులందరి సంతకాలతో అభ్యంతరం లేదన్న పత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి. మీ చిన్నాన్నలు, మేనత్తలు సంతకం పెట్టాలి. డబ్బు చేతికొచ్చాక అడిగితే గొడవలవుతాయి.

అమ్మకుండా ఇంట్లోనే నిలుపుకోవాలనుంటే, 2016 ఆయుధ నియమాల్లో వారసుడికి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఉంది. మీకు ఆసక్తి ఉంటే ఆ దరఖాస్తు ముందు పెట్టి, ఫలితం వచ్చాక అమ్మకం గురించి ఆలోచించండి. ఆ కోరిక సబబే, నాకు నచ్చుతుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. చేను మీద అడవి పందులు పడుతున్నాయి, కాగితాలు వద్దు, రెట్టింపు ఇస్తాను అని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. చెనిక్కాయ రైతు బాధ నాకు తెలుసు, నేనూ సేద్యం చేసే ఇంట్లోనే పుట్టాను. అయినా ఇవ్వకండి. 2019 తర్వాత అక్రమంగా అమ్మితే శిక్ష కనీసం ఏడేళ్లు. ఆ రైఫిల్‌తో ఎక్కడ ఏం జరిగినా నంబరు పట్టుకొని మొదట మీ గడపకే వస్తారు.

ఇక ఆ ఆరు తూటాలు. వాటికి ధర కట్టకండి, కాల్చి చూడాలన్న ఆలోచనా వద్దు. పాత టోపీ కొన్ని సార్లు వెంటనే పేలదు, ఒక క్షణం ఆగి పేలుతుంది. బోల్టు అప్పుడే తెరిచినవాడి ముఖం మీదికి వస్తుంది. ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటే గీకొద్దు. ఏ డబ్బాలో ఉన్నాయో ఆ డబ్బాతోనే అప్పగించి, రశీదులో "తూటాలు ఆరు" అని అంకెలోనూ అక్షరాల్లోనూ రాయించుకోండి. బ్యారెల్ లోపల చూసిన తర్వాత ఏం కనిపించిందో రాయండి, ముద్రల ఫోటోలు ఉంటే నంబరు కనపడకుండా పెట్టండి, మిగతాది అప్పుడు చెప్తాను.